కంప్యూటరుపై సంగీత రచన: ప్రేరణను, భావాన్ని నిలుపుకోవడం

పరిచయం

గత భాగంలో ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేరులోని ట్రాకులు, మిక్సరు, పియానో రోల్ మొదలైనవాటిని తెలుసుకున్నాం. వాటిని నడపడం చేతనైన తరువాత సంప్రదింపు తరగతుల్లో విద్యార్థులు తరచుగా ఒక మాట అంటుంటారు: "కూనిరాగం తీసినప్పుడు బాగుంది సార్, కంప్యూటరులో పెట్టాక చప్పబడిపోయింది." ఆ వెంటనే తప్పంతా యంత్రం మీదికి నెట్టేవారు కొందరు, ఇంకా ఖరీదైన సాఫ్ట్‌వేరు కొనాలనుకునేవారు మరికొందరు. నిజానికి పాట చప్పబడే చోట్లు కొన్నే ఉన్నాయి. వాటిని వేలుపెట్టి చూపవచ్చు, కొలవవచ్చు కూడా. ఆ చోట్లు ఏవి, అక్కడ ఏ నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలి అన్నదే ఈ భాగంలోని విషయం. 'ఎప్పుడు' అన్న మాటను గుర్తుంచుకోండి. తప్పుడు సవరణ కన్నా తొందరపాటు సవరణ వల్లే పాటలు ఎక్కువగా పాడవుతాయి.

కొద్దిగా చరిత్ర

1957లో మద్రాసులో తయారైన 'మాయాబజార్' విడుదలైంది. దానికి సంగీతం ఘంటసాల. ఆ రోజుల్లో గాయకులు, వాద్యబృందం ఒకేసారి కలిసి పాడి, వాయించి పాటను ముద్రించేవారు. ఒక్కరు తడబడితే అందరూ మళ్లీ మొదటికి రావలసిందే. అదే 1957లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాముతో ఐబీఎం 704 కంప్యూటరు 17 సెకన్ల సంగీతాన్ని వినిపించింది. అప్పుడు ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. 1983లో మిడి ప్రమాణం వచ్చాక వేరువేరు కంపెనీల కీబోర్డులు, కంప్యూటర్లు ఒకే భాషలో మాట్లాడుకోగలిగాయి. తెలుగులో రాజ్-కోటి వద్ద కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రెహమాన్ 1992లో 'రోజా'కు సంగీతం ఇచ్చేనాటికి ఇంటి వెనుక కట్టుకున్న స్టూడియోలోనే సినిమా సంగీతం తయారవడం మొదలైంది.

ఈ మార్పుతో వచ్చిన లాభం అందరికీ తెలిసినదే. నష్టం కూడా ఉంది. పదిమంది ఒక గదిలో కూర్చున్నప్పుడు పాట ఎలా ఉందో ఎదుటివారి ముఖం చూస్తే తెలిసిపోయేది. కంప్యూటరు ముందు ఒంటరిగా కూర్చున్నవారికి ఆ ముఖం లేదు. దాని స్థానంలో తెర ఉంది. తెర మీద గడులు ఉన్నాయి.

చిల్కూరు నడక, తెర మీది గడి

ఈ గడుల సంగతి అర్థం కావడానికి రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని చిల్కూరును ఉదాహరణగా తీసుకుందాం. ఉస్మాన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఈ ఊరి బాలాజీ ఆలయానికి వచ్చే భక్తులు కోరిక కోరుకుంటూ 11 ప్రదక్షిణలు, అది తీరాక 108 ప్రదక్షిణలు చేస్తారు. చేతిలో అంకెల కాగితం పట్టుకొని ఒక్కో చుట్టుకూ ఒక్కో గడి కొట్టేస్తూ నడుస్తారు. రద్దీగా ఉన్న రోజున కళ్లు మూసుకుని ఆ అడుగుల చప్పుడు వినండి. అందరికీ కలిపి తాళం వేసేవారు ఎవరూ లేరు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లిది ఒక వేగం, పరీక్ష రాసి వచ్చిన కుర్రవాడిది మరో వేగం. మలుపు దగ్గర గుంపు కాస్త తగ్గుతుంది, నేరుగా ఉన్నచోట సాగుతుంది. అయినా వినేవారికి అది గందరగోళంగా అనిపించదు. వందల పాదాల కింద ఒకే ప్రవాహం వినిపిస్తుంది.

ఇదే చప్పుడును కంప్యూటరులో తయారు చేయాలంటే కొత్తగా నేర్చుకున్నవారు ఏం చేస్తారు? ఒక అడుగు శబ్దాన్ని తీసుకుని సమాన దూరంలో వరుసగా పేరుస్తారు. వినిపించేది సైనిక కవాతు. భక్తి పోయి క్రమశిక్షణ మిగిలింది!

ఈ పేర్పునే సాఫ్ట్‌వేరులో క్వాంటైజ్ అంటారు. వాయించిన ప్రతి దెబ్బనూ దగ్గరలోని గడి గీత మీదికి జరపడం దాని పని. లెక్క చూద్దాం. నిమిషానికి 100 తాళాల వేగంలో ఒక తాళానికి 600 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో గడి 150 మిల్లీసెకన్లు. అనుభవమున్న వాద్యకారుడు కొన్ని దెబ్బలను గీతకు 10, 15 మిల్లీసెకన్లు ముందో వెనుకో వేస్తాడు. పాట ముందుకు తోసుకుపోతున్నట్టు, లేక తీరికగా ఊగుతున్నట్టు అనిపించడానికి కారణం ఈ తేడాలే. క్వాంటైజ్ మీట నూరు శాతం మీద నొక్కితే ఈ సమాచారమంతా ఒక్క క్షణంలో చెరిగిపోతుంది. 50 శాతం మీద నొక్కితే 15 మిల్లీసెకన్ల తేడా ఏడున్నరకు తగ్గుతుంది. పొరపాటు సర్దుకుంటుంది, నడక మిగులుతుంది. దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఈ శాతాన్ని మార్చుకునే సౌకర్యం ఉంటుంది.

1980లో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎం-1 అనే డ్రమ్ యంత్రంలో దెబ్బలను గీత మీదికి జరిపే ఏర్పాటు ఉంది. అదే యంత్రంలో దెబ్బలను కావాలని కాస్త వెనక్కి నెట్టి ఊపు తెచ్చే స్వింగ్ ఏర్పాటు కూడా ఉంది. గడిని తెచ్చిన మనిషికే గడి చాలదని తెలుసు. మనం మాత్రం మొదటి మీటను నేర్చుకుని రెండోదాన్ని మరిచిపోతున్నాం.

తెలుగువారికి బాగా పట్టుబడిన తిస్ర నడకలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2023లో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు' పాటది ఆ నడకే, పాశ్చాత్య లెక్కలో 6/8. ఆరు దెబ్బలనూ ఒకే బరువుతో, ఒకే ఎడంతో వేస్తే కుట్టుమిషను వినిపిస్తుంది. మొదటి, నాలుగో దెబ్బల మీద ఒంటి బరువు పడినప్పుడే కాలు కదులుతుంది.

వేగం విషయంలోనూ ఇంతే. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే స్త్రీలు మొదలుపెట్టిన వేగంలోనే ముగించరు. ఉత్సాహం పెరిగేకొద్దీ చప్పట్లు దగ్గరవుతాయి, శ్రుతి కూడా కొద్దిగా పైకి జరుగుతుంది. కంప్యూటరులో ప్రాజెక్టు తెరవగానే వేగం పెట్టెలో 120 అన్న అంకె కనిపిస్తుంది. దాన్ని చాలామంది ముట్టుకోరు. ముందు మెట్రోనోము లేకుండా పాటంతా పాడి ముద్రించండి. ఆ తరువాత ఆ పాట వేగాన్ని అనుసరించేలా తాళం గీతలనే జరపండి. టెంపో మ్యాప్ అనే సౌకర్యం ఉన్నది ఇందుకే. గడి పాటకు లొంగాలి.

డప్పు ఒక్క దెబ్బలో ఉండదు

ఇక శబ్దం సంగతి. డప్పు నమూనా శబ్దాలు ఇప్పుడు ఇంటర్నెట్టులో దొరుకుతాయి. ఒక దెబ్బను ముద్రించి, కీబోర్డు మీట నొక్కినప్పుడల్లా దాన్నే వినిపించేలా అమరుస్తారు. మొదటి నాలుగు దెబ్బలు బాగానే ఉంటాయి. పదహారో దెబ్బకు చెవి దాన్ని యంత్రంగా గుర్తిస్తుంది. అచ్చం ఒకేలా ఉండే రెండు శబ్దాలు ప్రకృతిలో ఉండవని చెవికి ఎవరూ నేర్పనక్కరలేదు.

నిజమైన డప్పును ఒకసారి గమనించండి. ఒక చేతిలో పొట్టి, మందపు సిర్ర, మరో చేతిలో సన్నని చిటికెన పుల్ల. రెంటి ధ్వనీ వేరు. తోలు నడిమిన కొడితే ఒక నాదం, అంచున కొడితే మరొకటి. మొదలుపెట్టే ముందు మంట దగ్గర కాస్తారు. తోలు బిగిసి శబ్దం కణకణమంటుంది. వాయిస్తున్నకొద్దీ, చల్లబడేకొద్దీ తోలు సడలి స్థాయి దిగుతుంది. మళ్లీ మంట దగ్గరికి వెళ్తారు. ఊరేగింపు మొదట్లోని డప్పు, అర్ధరాత్రి డప్పు ఒకటి కావు. వినేవారికి కారణం తెలియకపోయినా రాత్రి గడుస్తున్నదని ఒంటికి తెలుస్తుంది.

దీన్ని కంప్యూటరులోకి తేవడానికి దారులున్నాయి. ఒక్కో రకం దెబ్బను ఐదారుసార్లు ముద్రించి, అవి వంతులవారీగా వినిపించేలా అమర్చండి. మిడిలో దెబ్బ బలాన్ని తెలిపే అంకె 1 నుంచి 127 వరకు ఉంటుంది. మౌసుతో పెట్టిన స్వరాలన్నింటికీ ఒకే అంకె పడుతుంది, అందుకే అవి బల్ల మీద గింజలు పరిచినట్టు వినిపిస్తాయి. చేత్తో వాయిస్తే ఆ అంకెలు వాటంతట అవే మారుతుంటాయి. కీబోర్డు కొనే స్తోమత లేకపోతే ఫోనును పెట్టి పీట మీద వేళ్లతో దరువు వేసి ముద్రించండి. పియానో రోల్‌లో ఆ దరువు ఎగుడుదిగుళ్లను చూస్తూ బలాన్ని సరిచేసుకోవచ్చు. ఏ దెబ్బ ఎంత గట్టిగా పడాలో చేతికి తెలిసినంతగా మౌసుకు తెలియదు.

కొన్నిసార్లు అడ్డం మన చేతిలో ఉండదు, కంప్యూటరు ఆలస్యంలో ఉంటుంది. మీట నొక్కిన తరువాత శబ్దం చెవికి చేరడానికి పట్టే కాలాన్ని లేటెన్సీ అంటారు. సెకనుకు 44,100 నమూనాలు తీసుకునే అమరికలో బఫరు 1024గా ఉంటే ఒక్క బఫరుకే దాదాపు 23 మిల్లీసెకన్లు పడుతుంది. 128కి తగ్గిస్తే మూడు మిల్లీసెకన్ల లోపే. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కనుక 23 మిల్లీసెకన్లంటే మీ డప్పు మీకు ఎనిమిది మీటర్ల దూరంలో మోగుతున్నట్టు. అలా వాయిస్తూ భావం పలికించాలంటే ఎవరికైనా కష్టమే. ముద్రించేటప్పుడు బఫరు తగ్గించుకోండి, మిక్సింగులో పెంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: నిమిషానికి 75 తాళాల వేగంలో ఒక తాళానికి ఎన్ని మిల్లీసెకన్లు? నాలుగో వంతు గడి ఎంత? ఒక దెబ్బ గీతకు 20 మిల్లీసెకన్లు వెనుక పడింది. క్వాంటైజ్ 25 శాతం చేస్తే ఎంత తేడా మిగులుతుంది?

గమకం, శ్రుతి సవరణ

అన్నమాచార్యుల కీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి. వాటి మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు ఆ రాగంలో మునిగి, సాహిత్యానికి తగిన వరుసలు కట్టవలసి వచ్చింది. రేకు భద్రంగా ఉన్నా పాటను మళ్లీ మనిషి పుట్టించవలసి వచ్చింది. మిడి ఫైలు కూడా అటువంటి రేకే. దానిలో స్వరం పేరు, మొదలు, నిడివి, బలం ఉంటాయి. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి గొంతు ఎలా జారిందో ఉండదు. మనం విడిగా రాస్తేనే ఉంటుంది.

తోడి రాగంలో గాంధారాన్ని గుర్తుచేసుకోండి. అది ఒకచోట నిలబడదు, రిషభం వైపూ మధ్యమం వైపూ ఊగుతుంది. ఆ ఊగడమే గాంధారం. కీబోర్డు మీద ఒక మీట నొక్కితే వచ్చేది దాని ఎముక మాత్రమే. పిచ్ బెండ్ చక్రంతో 16,384 మెట్లలో స్వరాన్ని వంచవచ్చు కాబట్టి యంత్రానికి శక్తి లేదని అనలేం. అయితే చాలా సాఫ్ట్‌వేరు వాద్యాల్లో ఆ చక్రం మొదట రెండు అర్ధస్వరాల మేరకే పనిచేస్తుంది. పెద్ద జారు కావాలంటే ఆ పరిధిని పెంచుకోవాలి. ఇంతా చేసి చక్రం తిప్పడం కన్నా ఆ గమకాన్ని ఒకసారి గొంతుతో పాడి, దాన్ని వింటూ తిప్పడం మేలు. గొంతుకు తెలియనిది వేలికి రాదు.

గొంతును ముద్రించిన తరువాత వచ్చే ప్రమాదం శ్రుతి సవరణ. 1997లో ఆటో-ట్యూన్ సాఫ్ట్‌వేరును తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణలో భూకంప తరంగాల సంకేతాలపై పనిచేసిన ఇంజనీరు. గొంతు స్థాయిని కనిపెట్టి దగ్గరలోని స్వరానికి లాగడం ఆ సాఫ్ట్‌వేరు పని. వేగంగా లాగమంటే గమకం మెట్లుమెట్లుగా విరిగిపోతుంది. పైగా దగ్గరలోని స్వరం అంటే అది చూసేది కీబోర్డు స్వరాన్నే. ఒక అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా భాగిస్తే కీబోర్డు మీద అంతర గాంధారం షడ్జమానికి 400 సెంట్ల పైన ఉంటుంది. తంబురా నాదంలో సహజంగా వినిపించే గాంధారం 386 దగ్గర ఉంటుంది. తంబురాతో చక్కగా కలిసిన గాయని గొంతును సాఫ్ట్‌వేరు తప్పు అంటూ 14 సెంట్లు పైకి జరపగలదు! తప్పు గాయనిది అనుకుని మనం తలూపుతాం.

ఈ సాధనాన్ని వాడకూడదని చెప్పడం లేదు. ఒకటి రెండు చోట్ల నిజంగా శ్రుతి తప్పినప్పుడు ఆ ముక్కను మాత్రమే ఎంచుకుని, నెమ్మదైన సవరణతో సరిదిద్దండి. పాటంతటికీ పూయడం అనవసరం. తెర మీద వంకరగా కనిపించే గీత చెవికి వంకరగా వినిపించకపోతే దాన్ని ముట్టుకోవద్దు. కళ్లతో దిద్దిన పాటలను ఈ మధ్య చాలా వింటున్నాం. అవన్నీ ఇస్త్రీ చేసిన చొక్కాల్లా ఉంటాయి, లోపల మనిషి ఉన్నట్టు ఉండదు.

ప్రేరణ జారిపోయే చోటు

ఇప్పటిదాకా చెప్పినవి పుట్టిన భావాన్ని కాపాడుకునే సంగతులు. అసలు పుట్టకముందే దాన్ని పోగొట్టుకునే సంగతి ఒకటుంది. కంప్యూటరు తెరిచి, సాఫ్ట్‌వేరు లేచేదాకా ఆగి, వాద్యం ఎంచుకునే జాబితాలో నలభై వీణలు విని, వాటిలో ఒకటి నచ్చి, దానికి ప్రతిధ్వని ఎంత ఉండాలో తేల్చుకునేసరికి మనసులో మెదిలిన వరుస ఉండదు. ఎంపిక చేసేటప్పుడు మనసు విమర్శకుడి పనిలో పడుతుంది. పాట పుట్టేటప్పుడు విమర్శకుడు గది బయట ఉండాలి.

అందుకని మొదటి ముద్రణకు సాఫ్ట్‌వేరు వద్దు. ఫోనులో పాడి ఉంచుకోండి. అరనిమిషం చాలు. పదాలు లేకపోతే తననలు పాడండి. వాహన శబ్దాలు పడినా ఫరవాలేదు. ఆ ముక్క కింద ఒక వాక్యం రాయండి: ఈ పాట ఎవరికోసం, ఏ వేళ, ఏ బాధతోనో ఏ సంతోషంతోనో వచ్చింది. తరువాత వారాలపాటు కంప్యూటరు మీద పనిచేస్తున్నప్పుడు ఈ అరనిమిషమే మీకు ఎదురుగా కూర్చున్న శ్రోత. ఏ సవరణ చేసినా దాన్ని మళ్లీ విని పోల్చండి. సవరణ తరువాత పాట దానికి దగ్గరైతే ఉంచండి, దూరమైతే తీసేయండి.

మొదట వచ్చినదే చివరిది కానక్కరలేదు. 'నాటు నాటు' పాటలో తొంభై శాతం ఒక్క పూటలోనే రాశానని, మిగతా పది శాతానికి ఏడాదిన్నరకు పైగా పట్టిందని రచయిత చంద్రబోస్ ఇంటర్వ్యూలలో చెప్పారు. ప్రేరణకు, చెక్కడానికి వేరువేరు గడియారాలున్నాయి. కంప్యూటరుతో వచ్చే చిక్కు ఏమంటే అది రెండు పనులనూ ఒకే తెర మీద, ఒకే గంటలో చేయమంటుంది. మీరు వేరు చేసుకోవాలి. ఒక రోజు పాడటానికి, వేరే రోజు దిద్దటానికి.

సిద్ధంగా దొరికే లూపుల గురించి ఒక మాట. దుకాణంలో కొన్న సాంబారు పొడి వాడటం నేరమేమీ కాదు, కాని ఊరందరి ఇళ్లలోనూ ఒకే వాసన వస్తుంది. లూపు మీద పాట కట్టదలచినా చివరిలో ఆ లూపును తీసేసి ఒకసారి వినండి. పాట నిలబడితే మీది. కూలితే అది లూపు తయారుచేసినవారిది.

వాద్యాల సంఖ్యకు కూడా హద్దు పెట్టుకోండి. ఒక గొంతు, ఒక దరువు, ఒక తంత్రి. ఈ మూడింటితో పాట మొత్తం తయారయ్యేదాకా నాలుగో ట్రాకు తెరవవద్దు. ఇది పేదరికపు సలహా అనుకోవద్దు, మన జానపద గాయకులకు ఎప్పుడూ ఇంతే ఉండేది.

మనిషిని పిలవడం

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర వాయిస్తూ కథలు పాడే కళాకారుడు. వెదురు బొంగు, బుర్రలతో చేసే ఆ వాద్యాన్ని పట్టుకునేవారే అరుదైపోయిన కాలంలో, 2021లో 'భీమ్లా నాయక్' శీర్షిక గీతం మొదట్లో ఆయన గొంతు వినిపించింది. సంగీతం తమన్‌ది. ఆ పాట పూర్తిగా నేటి స్టూడియో పద్ధతిలో తయారైనదే. దాని మొదట్లో ఆయన గొంతు వినబడగానే శ్రోత నిటారుగా కూర్చుంటాడు. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2023లో 'బలగం' చివరి పాటను జానపద కథాగాన దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడారు. సంగీతం భీమ్స్ సిసిరోలియో. ఊళ్లలో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూసి ఏడ్చిన సినిమా అది. చావు ఇంటి ముందు ఎన్నోసార్లు పాడిన గొంతులో ఉన్న గరుకును ఏ నమూనా శబ్దమూ ఇవ్వలేదు.

ఇందులో బతుకుతెరువు ప్రశ్న కూడా ఉంది. సాఫ్ట్‌వేరు వాద్యాలు వచ్చాక స్టూడియోలలో వయొలిన్, తబలా, సన్నాయి వాయించేవారికి పని తగ్గింది. మీరు తయారుచేసే చిన్న పాటలో ఒక్క ట్రాకైనా మనిషి చేత వాయించగలిగితే పాటకూ మేలు, ఆ మనిషికీ మేలు. చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాల్లో డప్పు కొట్టేవారు, భజన బృందాలు, బతుకమ్మ పాటలు కట్టే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వారిని పిలిస్తే ముందే మాట్లాడుకుని డబ్బు ఇవ్వండి. పాట మీద వారి పేరు వేయండి. అనుమతి లేకుండా ముద్రించి నమూనాగా వాడుకోవడం దొంగతనం. గడుల పాట వారి చెవిలో పెట్టి దానికి వాయించమని అడగవద్దు. ముందు వారిని వాయించనివ్వండి, తరువాత మీరు సర్దుకోండి.

కృత్యం

మీ ఊరిలో చాలామంది కలిసి ఒక పని చేసే చోటు ఎంచుకోండి. చిల్కూరు దగ్గరివారైతే ఆలయం బయటి వీధి, మృగవని జాతీయవనం దాపున నెమళ్లు కూసే వేళ, చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద గాలి పనికివస్తాయి. పూలతోటలో కోత జరిగే పొద్దు కూడా మంచిదే. ఫోను తీయకూడని చోట తీయవద్దు, విని గుర్తుంచుకోండి. అనుమతి ఉన్నచోట రెండు నిమిషాలు ముద్రించండి. ఆ శబ్దపు వేగాన్ని చేత్తో దరువు వేసి పట్టుకోండి. దాని మీద ఒక గొంతు, ఒక తంత్రి చేర్చి నిమిషం పాట తయారుచేయండి. అదే పాటకు రెండు రూపాలు ఉంచండి: ఒకదానిలో క్వాంటైజ్, శ్రుతి సవరణ నూరు శాతం, రెండోదానిలో మీ చెవికి అవసరమనిపించినంతే. మరునాడు ఉదయం తెర ఆపేసి రెండూ వినండి. సంగీతం తెలియని ఇంటివారికి, ఏది ఏదో చెప్పకుండా వినిపించి వారి ముఖం చూడండి. రెండు రూపాలనూ, ఫోనులోని మొదటి అరనిమిషాన్నీ తదుపరి సంప్రదింపు తరగతికి తీసుకురండి.